ఇంటి నెట్‌కు వంతులు వేసుకుందాం

ఇంట్లో నెట్ నెమ్మదిస్తే మనం మొదట చేసే పని ఎవరో ఒకరిని తిట్టడం. తర్వాత చేసేది ఇంకా పెద్ద ప్లాన్‌కు మారడం. ఈ రెండూ చేసిన ఇళ్లలో కూడా సాయంత్రమయ్యేసరికి మళ్లీ అదే గొడవ మొదలవుతుంది. చాలా ఇళ్లలో వేగానికి కొరత లేదు. ఎవరి పని ముందు, ఎవరి పని కాసేపు ఆగినా నష్టం లేదు అన్నది ఎవరూ తేల్చుకోలేదు, అంతే. మనం తేల్చకపోతే రూటర్ తనకు తోచినట్టు తేలుస్తుంది. పరీక్షకు చదువుకునే అమ్మాయి ఎవరో, ఖాళీగా ఉన్నప్పుడు దిగే అప్‌డేట్ ఏదో దానికి తెలియదు.

చాలా రూటర్లలో ప్రయారిటీ సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఎలా వాడుకోవాలో ఈ అధ్యాయంలో చూద్దాం. ముందుగా ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఆ సెట్టింగ్ కొత్తగా వేగం తెచ్చిపెట్టదు. ఇంట్లో వాళ్లు కూర్చుని చేసుకున్న నిర్ణయాన్ని అమలు చేస్తుంది. నిర్ణయం మంచిదైతే ఫలితం మంచిది.

రొళ్లలో ఒక సాయంత్రం

శ్రీ సత్యసాయి జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న మండలం రొళ్ల. అటు సిరా, మధుగిరి, ఇటు మడకశిర. తెలుగు, కన్నడ రెండూ ఇంటి మాటలుగానే వినిపించే ఊళ్లు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో బెంగళూరు కంపెనీలు ఇంటి నుంచే పని అన్నాక, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల పిల్లలు ల్యాప్‌టాప్‌లు సర్దుకుని సొంత ఇళ్లకు చేరారు. అప్పటిదాకా టీవీకి, ఫోనుకి సరిపోయిన కనెక్షన్ మీద ఒక్కసారిగా ఆఫీసు, బడి, కాలేజీ వచ్చి కూర్చున్నాయి. కొందరు తిరిగి వెళ్లినా, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే పని చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. కొద్దిగా వక్కతోట ఉన్న కుటుంబం. లైన్‌లో డౌన్‌లోడ్ 30 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ వస్తోంది. సాయంత్రం ఏడు గంటలు. పెద్దకొడుకు మిద్దెమీద గదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాడు. చెల్లెలు నడుమింట్లో ఎప్‌సెట్ పాఠం వింటోంది. చిన్నోడు పడసాలలో గేమ్ ఆడుతున్నాడు. అవ్వ సీరియల్ చూస్తోంది. అప్పుడే పెళ్లి నుంచి వచ్చిన నాయన చొక్కా విప్పి, ఫోను ఛార్జింగ్‌కు పెట్టి స్నానానికి వెళ్లాడు.

రెండు నిమిషాల్లో పైనుంచి అరుపు. "నెట్టు ఎవరు తింటాండారు? నా మాట వాళ్లకు ఇనపడ్డంలేదంట!"

అమ్మ వెంటనే చిన్నోడి మీద పడింది. "నువ్వు ఆ ఫోను ఆపుతావా లేదా రా? అన్నకు మీటింగ్ ఉందంట."

"నేను ఆడేది ఒక్క గేమే కదమ్మా, దానికెంత పడుతుందని?"

ఈ గొడవలో చిన్నోడి మాటే నిజం. ఆన్‌లైన్ గేమ్ ఆడేటప్పుడు వాడే డేటా సాధారణంగా ఒక ఎంబీపీఎస్ కూడా దాటదు. అసలు కారణం గోడకు వేలాడుతూ ఛార్జింగ్ అవుతున్న నాయన ఫోను. ఛార్జింగ్‌లో పెట్టగానే, వైఫై దొరకగానే పెళ్లి వీడియోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కడం మొదలుపెట్టాయి. ఒక్కో వీడియో 500 మెగాబైట్లు అనుకోండి. అంటే 4,000 మెగాబిట్లు. 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మొత్తం దానికే ఇచ్చినా ఒక్క వీడియోకు 13 నిమిషాలు దాటుతుంది. పది వీడియోలుంటే మీటింగ్ ముగిసినా అవి ముగియవు. నాయనకు ఈ సంగతే తెలియదు. తిట్లు చిన్నోడికి పడ్డాయి.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇలా అనవసరంగా మాట పడుతూ ఉండవచ్చు. అందుకే తిట్టే ముందు లెక్క చూడటం నేర్చుకోవాలి.

మీటింగ్ ఎందుకు తెగుతుంది?

కంపెనీ వాళ్లు చెప్పే వేగం ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని ఉంటుంది. మనం చూసే ఫైల్ సైజు మెగాబైట్లలో ఉంటుంది. ఒక బైట్‌కు ఎనిమిది బిట్లు. 40 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు గరిష్ఠంగా 5 మెగాబైట్లు. ఇది తెలిస్తే సగం అపోహలు పోతాయి.

ఇప్పుడు ఒక్కో పనికి ఎంత పడుతుందో చూద్దాం. మాట మాత్రమే ఉన్న కాల్‌కు సుమారు 0.1 ఎంబీపీఎస్. జూమ్ సంస్థ ఇచ్చే లెక్కలో గ్రూప్ మీటింగ్‌కు బాగా స్పష్టమైన వీడియో పెట్టుకున్నా అటూ ఇటూ 4 లోపే. యూట్యూబ్ పాఠం 480పిలో చూస్తే ఒకటి కంటే కొంచెం ఎక్కువ, 1080పిలో 5. నెట్‌ఫ్లిక్స్ 4కే సినిమాకు 15. ఆ రొళ్ల ఇంట్లో మీటింగ్, పాఠం, గేమ్ కలిపినా పది దాటవు. లైన్ 30. మరి కొరత ఎక్కడుంది?

తేడా పనుల స్వభావంలో ఉంది. మీటింగ్‌కు కావాల్సింది కొంచెమే, కానీ ఆలస్యం లేకుండా, ఎడతెగకుండా కావాలి. టెలిఫోన్ మాటకు ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మనుషులకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణాలు చెబుతాయి. అది బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకరి మాట ఒకరికి తెగిపోవడం మొదలవుతుంది. డౌన్‌లోడ్లు, బ్యాకప్‌లు, అప్‌డేట్లు వేరే రకం. వాటికి తొందర లేదు, కానీ ఎంత ఇస్తే అంతా తీసుకుంటాయి. ఇంటర్నెట్ నడిచే తీరే అది. అవతల డేటా పోయిందని తెలిసేదాకా పంపే వేగాన్ని పెంచుకుంటూ పోతాయి.

ఈ సమస్య కొత్తది కాదు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు, 400 గజాల దూరంలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. తీగ బాగానే ఉంది. అందరూ ఒకేసారి పంపడం, పోయింది అనుకుని మళ్లీ పంపడం వల్ల అలా అయింది. వాన్ జాకబ్సన్, మైఖేల్ కారెల్స్ దాన్ని పరిశోధించి 1988లో ప్రచురించిన పద్ధతుల మీదే ఇవాళ్టి ఇంటర్నెట్ కుప్పకూలకుండా నడుస్తోంది.

ఆ తర్వాత మెమరీ చిప్‌లు చవకయ్యాయి. డేటా పోకూడదని రూటర్లలో, మోడెమ్‌లలో పెద్ద పెద్ద క్యూలు పెట్టారు. డేటా పోవడం తగ్గింది, ఆగడం పెరిగింది. ఒక బాక్సులో 256 కిలోబైట్ల క్యూ ఉందనుకోండి. అది సుమారు 20 లక్షల బిట్లు. అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో ఆ క్యూ ఖాళీ కావడానికి ఒక సెకను పడుతుంది. అలాంటి ఇంట్లో ఒక ఫోను ఆ క్యూను నింపేస్తే, దాని వెనక నిలబడ్డ మీటింగ్ మాట సెకను ఆలస్యంగా బయటికి చేరుతుంది. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు 2010 ప్రాంతంలో తన ఇంట్లోనే ఈ సంగతి గమనించి, దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి ప్రపంచం దృష్టికి తెచ్చారు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కలిసి కోడెల్ అనే పరిష్కారం ఇచ్చారు. దాని నుంచి పుట్టిన పద్ధతులే ఇవాళ మంచి రూటర్లలో ఉన్నాయి.

నీరుగంటి చేసిన పని

రాయలసీమలో, కన్నడ సీమలో చెరువు కింద సేద్యం ఉన్న ఊళ్లలో నీరుగంటి అనే మనిషి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడటం అతని పని. కొన్ని ఊళ్లలో నీరుగంటికి ఆ ఆయకట్టులో సొంత పొలం ఉండేది కాదు. అందుకే అతని మాటకు విలువ. పంట వచ్చాక రైతులంతా తలా కొంత గింజ కొలిచి ఇచ్చేవాళ్లు. వాన తక్కువైన ఏడాది రైతులు ముందే కూర్చుని ఎంత నేల తడపాలో, ఏ వరుసలో తడపాలో అనుకునేవాళ్లు. అనుకున్నదాన్ని అమలు చేసేది మాత్రం నీరుగంటి ఒక్కడే. తూము దగ్గరున్న పెద్ద రైతు మడి నిండుతూనే ఉంటే చివర ఉన్న చిన్న రైతు మడి ఎండుతుంది. అది జరగకుండా చూడటానికే అతను పగలూ రాత్రీ కాలువ గట్టు మీద తిరిగేవాడు.

రూటర్‌లోని ప్రయారిటీ సెట్టింగ్‌ను ఇంటి నీరుగంటి అనుకోండి. దానికి ఎవరి మీదా పక్షపాతం లేదు. అయితే వంతులు చెప్పాల్సింది మనమే. నీరుగంటి విషయంలో మన పెద్దలు మూడు సంగతులు పాటించారు. వంతు ముందే అనుకోవాలి, గొడవ వచ్చాక కాదు. వంతు అందరికీ తెలిసి ఉండాలి. కాలువ చివర ఉన్నవాడి మడికి కూడా నీళ్లు చేరాలి. ఇంటి నెట్‌కు ఈ మూడూ పనికొస్తాయి.

మూడోది ముఖ్యం. చాలా ఇళ్లలో గట్టిగా అరిచేవాళ్ల పనే ముందు జరుగుతుంది. సంపాదించే కొడుకు మీటింగ్ ఆగితే ఇల్లంతా కదులుతుంది. పాఠం ఆగిపోయిన అమ్మాయి మాత్రం ఫోను పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆ నష్టం ఎవరికీ వినిపించదు. వంతులు వేసేటప్పుడు ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్ల అవసరం మొదట అడగండి.

ముందు మాట్లాడుకోండి

ఒక ఆదివారం అందరూ అన్నం తిన్నాక అరగంట కూర్చోండి. ఒక కాగితం తీసుకుని ఇంట్లో నెట్‌కు తగిలించిన వస్తువులన్నీ రాయండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ, సీసీ కెమెరా, ఏదీ వదలొద్దు. ఒక్కోదాని పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

మొదటిది, ఈ పని ఆగితే మళ్లీ చేసుకోగలమా? ఇంటర్వ్యూ, ఆన్‌లైన్ పరీక్ష, డాక్టర్‌తో వీడియో కాల్, ఆఫీసు మీటింగ్, ఇవి ఆ క్షణం పోతే పోయినట్టే. రికార్డు చేసిన పాఠం, సినిమా, అప్‌డేట్ తర్వాతైనా దొరుకుతాయి.

రెండోది, ఇది ఏ గంటలో కావాలి? రోజంతా ప్రయారిటీ అవసరమైన పని చాలా ఇళ్లలో ఉండదు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా మీటింగ్, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా చదువు, ఇలా గంటలు పెట్టుకోవచ్చు.

మూడోది, దీనికి నిజంగా ఎంత కావాలి? చేతిలో పట్టుకునే ఫోను తెర మీద 480పికి, 1080పికి పాఠం అర్థమయ్యే తీరులో సాధారణంగా పెద్ద తేడా ఉండదు. డేటాలో తేడా నాలుగు రెట్లకు పైనే.

ఈ మూడు జవాబులూ రాసేసరికి వస్తువులు మూడు వరుసలుగా విడిపోతాయి. ఆగకూడనివి, మామూలువి, రాత్రికి వాయిదా వేయగలిగేవి. మొదటి వరుసలో రెండు వస్తువులకు మించి పెట్టకండి. అందరినీ ముందు నిలబెడితే ప్రయారిటీ లేనట్టే.

తర్వాత రూటర్‌లో రాయండి

మొదట కొలవండి. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో రూటర్‌కు కలిపి, ఇంట్లో మిగతా వస్తువులన్నీ ఆపి, స్పీడ్ టెస్ట్ చేయండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదికి ఒకసారి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ రాసుకోండి. వాటిలో తక్కువ వచ్చిన అంకెలే మీ అసలు లైన్.

ఇక రూటర్‌లోకి వెళ్లండి. దాని అడ్రసు బాక్సు వెనక లేదా కింద అంటించిన కాగితం మీద ఉంటుంది. ఎక్కువ వాటికి 192.168.1.1 లేదా 192.168.0.1. బ్రౌజర్‌లో అది కొట్టి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ ఇంకా మార్చకపోతే ముందు అది మార్చండి. తర్వాత క్యూఓఎస్ అనే మెనూ వెతకండి. కొన్ని బాక్సుల్లో అది అడ్వాన్స్‌డ్ కింద, కొన్నిటిలో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ పేరుతో ఉంటుంది. కొన్ని కంపెనీల రూటర్లలో ఫోను యాప్ నుంచే ఏ వస్తువుకు ప్రయారిటీ ఇవ్వాలో, ఎన్ని గంటలు ఇవ్వాలో పెట్టవచ్చు.

అక్కడ మొత్తం బ్యాండ్‌విడ్త్ ఎంత అని అడుగుతుంది. చాలామంది ప్లాన్ మీద రాసిన అంకె వేస్తారు. అలా వేస్తే సెట్టింగ్ పనిచేయదు. మీరు కొలిచిన అంకెలో 85 నుంచి 90 శాతమే వేయండి. 30 వస్తే 26, 5 వస్తే 4.4. ఆ కొంచెం ఎందుకు వదలాలి? డేటా ఎక్కడ ఇరుకైతే అక్కడ క్యూ కడుతుంది. పూర్తి వేగం వేస్తే క్యూ మన చేతిలో లేని చోట, ఆపరేటర్ పరికరంలో కడుతుంది. అక్కడ మన వంతుల మాట చెల్లదు. కొంచెం తగ్గిస్తే క్యూ మన రూటర్‌లోనే కడుతుంది, వరుస మనం చెప్పినట్టు ఉంటుంది. ఈ అధ్యాయం మొత్తంలో ఒక్క సాంకేతిక విషయమే గుర్తుంచుకోగలను అంటే ఇదే గుర్తుంచుకోండి.

తర్వాత కాగితం మీద రాసుకున్న మొదటి వరుస వస్తువులకు హై ప్రయారిటీ ఇవ్వండి. వస్తువును రూటర్ దాని మ్యాక్ అడ్రసుతో గుర్తుపడుతుంది. ఈమధ్య ఫోన్లు అసలు అడ్రసు దాచి వేరేది చూపిస్తున్నాయి. ఇంటి వైఫై సెట్టింగ్‌లో ఆ రాండమ్ మ్యాక్‌ను ఆపేస్తే మీరు పెట్టిన వంతు ఆ ఫోనుకే నిలుస్తుంది. రూటర్‌లో వస్తువులకు మన పేర్లు పెట్టే వీలుంటే పెట్టండి. "అమ్మ ఫోను", "చెల్లి పాఠాలు" అని ఉంటే ఆర్నెల్ల తర్వాత కూడా ఏది ఏమిటో తెలుస్తుంది.

మీ రూటర్‌లో ఎస్‌క్యూఎం లేదా ఎఫ్‌క్యూ కోడెల్ అనే మాట కనిపిస్తే అదృష్టమే. అది ప్రతి ప్రవాహాన్నీ విడిగా చూసి, కొంచెం వాడేవాటిని ముందు పంపిస్తుంది. అది ఉంటే వస్తువుల వారీగా ప్రయారిటీ పెట్టాల్సిన అవసరం చాలా ఇళ్లలో రాదు.

ఆపరేటర్ ఇచ్చిన బాక్సులో ఇవేవీ లేకపోతే నిరాశ పడొద్దు. చాలా ఇళ్లలో పరిస్థితి అదే. ఆపరేటర్ బాక్సు వెనక సొంత రూటర్ ఒకటి తగిలించి ఇంటి వైఫై అంతా దాని నుంచే నడపవచ్చు. అదీ వద్దనుకుంటే ఎక్కువ తినే వస్తువులనే అదుపులో పెట్టండి. ఫోటో బ్యాకప్‌ను పగలు ఆపి, పడుకునే ముందు ఆన్ చేయండి. విండోస్ అప్‌డేట్ ఎంత వేగం వాడాలో దాని సెట్టింగ్‌లోనే పరిమితి పెట్టవచ్చు. గేమ్‌లు, సినిమాల డౌన్‌లోడ్లు రాత్రి పదకొండు తర్వాత.

పనిచేసిందో లేదో చూడండి

సెట్టింగ్ పెట్టి వదిలేయకండి. ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి, మరిన్ని వివరాలు చూపించమని నొక్కితే లేటెన్సీని, అంటే ఆలస్యాన్ని, రెండు రకాలుగా చూపిస్తుంది. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, నిండినప్పుడు ఒకటి. ఖాళీగా ఉన్నప్పుడు 20 మిల్లీసెకన్లు, నిండినప్పుడు 300 వస్తే మీ ఇంటి జబ్బు క్యూలో ఉందని అర్థం. సెట్టింగ్ పెట్టాక రెండో అంకె మొదటిదానికి దగ్గరగా వస్తే వంతు కుదిరినట్టే. రాకపోతే బ్యాండ్‌విడ్త్ అంకెను ఇంకొంచెం తగ్గించి మళ్లీ చూడండి.

ఇంకొక పరీక్ష. వైఫై మీద ఉన్న ల్యాప్‌టాప్ నుంచి మొదట మీ రూటర్ అడ్రసుకు, తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు పింగ్ కొట్టండి, అంటే చిన్న సందేశం పంపి జవాబుకు ఎంతసేపు పట్టిందో చూడండి. రూటర్ నుంచి జవాబు రావడానికే ఆలస్యమైతే తప్పు వైఫైది. రూటర్ వెంటనే పలికి, ఎవరూ ఏమీ వాడనప్పుడు కూడా బయటి నుంచి ఆలస్యమైతే తప్పు లైన్‌ది. ఈ రెండు సందర్భాల్లో ప్రయారిటీ సెట్టింగ్ మీకు సాయం చేయలేదు.

వైఫై తప్పైతే, మన ఇళ్ల గోడలు చూడండి. రాతి గోడలు, బండల మిద్దెలు ఎండాకాలం చల్లగా ఉంచుతాయి గానీ వైఫైని బాగా అడ్డుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడ దాటితే బలహీనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, వేగం తక్కువ. రూటర్‌ను ఇనుప బీరువా పక్కన, టీవీ వెనక పెట్టకండి. ఇంటి నడుమ, ఎత్తులో పెట్టండి. 2.4లో 1, 6, 11 చానెళ్లలో పక్కింటివాళ్లు వాడనిది ఎంచుకోండి. మీటింగ్ చేసే ల్యాప్‌టాప్‌కు ఒక ల్యాన్ తీగ లాగడం వీటన్నిటికన్నా మేలు.

లైన్ తప్పైతే ఆపరేటర్‌తో మాట్లాడాలి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్లకు చేరింది. మొదట్లో నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ చానెళ్లు, ఫోను కలిపి ఇచ్చింది. ఫైబర్ కనెక్షన్లలో సాధారణంగా ఒక గాజు పోగును చీల్చి 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. అందుకే రాత్రి తొమ్మిదికి వీధంతా నెమ్మదించవచ్చు. అది మీ ఇంట్లో సరిచేసేది కాదు. "నెట్ రావడంలేదన్నా" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "అన్నా, వారం నుంచి పొద్దున 30 వస్తోంది, రాత్రి తొమ్మిదికి 6 వస్తోంది, తీగతో పెట్టి చూశాను" అని కాగితం చూపిస్తే మాట ముందుకు సాగుతుంది. దేశంలో 2 ఎంబీపీఎస్ కంటే తక్కువ వచ్చేదాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనడానికి వీల్లేదని 2023 జనవరిలో కేంద్రం నిర్వచనం మార్చింది. ప్లాన్‌లో డేటా పరిమితి దాటితే వేగం తగ్గిస్తారు. అదీ ఒకసారి చూసుకోండి.

అప్‌లోడ్‌ను మరవొద్దు

వంతులు వేసేటప్పుడు అందరూ డౌన్‌లోడ్ గురించే ఆలోచిస్తారు. ధర్మవరంలో పట్టుచీరలు అమ్ముకునే ఇంటిని తలచుకోండి. బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో ఉన్న కొనుగోలుదారుకు వీడియో కాల్‌లో చీర పరిచి చూపించాలి. అంచు జరీ, కొంగు బుటా, వెలుగులో రంగు ఎలా మారుతుందో కనిపించాలి. అప్పుడు బొమ్మ వెళ్లేది మన ఇంటి నుంచి బయటికి. అది పూర్తిగా అప్‌లోడ్ మీద ఆధారపడ్డ పని. చీర చూపిస్తున్న ఆ పావుగంట పక్క గదిలో ఫోను బ్యాకప్ తీసుకుంటే జరీ మసకబారుతుంది, బేరం చెడుతుంది. వీడియోలో సరుకు అమ్మేవాళ్లు, ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాళ్లు, మీటింగ్‌లో మాట్లాడేవాళ్లు అప్‌లోడ్‌కు విడిగా వంతు పెట్టుకోవాలి. ఎక్కువ రూటర్లలో అప్‌లోడ్, డౌన్‌లోడ్‌లకు వేర్వేరు గడులు ఉంటాయి. రెండూ నింపండి.

బయట సమానం, ఇంట్లో వంతు

ఒక సందేహం రావచ్చు. ఇంటర్నెట్‌లో అందరినీ సమానంగా చూడాలని కదా అంటారు, మరి మనం ఒకరిని ముందు, ఒకరిని వెనక పెట్టడం న్యాయమేనా? కంపెనీల విషయంలో సమానత్వం తప్పనిసరి. ఏ వెబ్‌సైట్ చూస్తారన్నదాన్ని బట్టి వేర్వేరు ధరలు పెట్టడాన్ని 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిషేధించింది. ఈ సమానత్వాన్నే చెప్పే నెట్ న్యూట్రాలిటీ సూత్రాలకు 2018 జులైలో కేంద్రం ఆమోదం తెలిపింది. మన తరఫున మన అవసరాన్ని కంపెనీ నిర్ణయించకూడదు కాబట్టే ఆ నిబంధనలు. మన ఇంట్లో మన అవసరాన్ని మనం నిర్ణయించుకోవడం అదే హక్కులో మరో సగం.

కష్టకాలంలో దేశమే ఇలా వంతు వేసుకుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు మొబైల్ నెట్‌వర్క్‌ల మీద భారం తగ్గించడానికి వీడియో సంస్థలు కలిసి నిర్ణయించుకుని ఫోన్లలో వీడియో నాణ్యతను 480పికి తగ్గించాయి. ఎవరి సినిమా కూడా ఆగలేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు దారి దొరికింది.

  

ఈ వారం చేయండి

1. ఇంట్లో నెట్‌కు తగిలిన వస్తువులన్నీ ఒక కాగితం మీద రాయండి.

2. అందరూ కూర్చుని మూడు వరుసలు చేయండి. తక్కువ మాట్లాడేవాళ్లను ముందు అడగండి.

3. తీగతో, మూడు వేళల్లో వేగం కొలవండి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ.

4. రూటర్ పాస్‌వర్డ్ మార్చండి. బ్యాండ్‌విడ్త్ గడిలో కొలిచిన దాంట్లో 85 నుంచి 90 శాతం వేయండి.

5. రెండు వస్తువులకు మించకుండా హై ప్రయారిటీ ఇవ్వండి. వీలైతే గంటలు కూడా పెట్టండి.

6. బ్యాకప్‌లు, అప్‌డేట్లు రాత్రికి మార్చండి.

7. లైన్ నిండినప్పుడు లేటెన్సీ ఎంతో మళ్లీ చూసి, పాత అంకె పక్కన రాయండి.

8. ఆ కాగితాన్ని రూటర్ పక్కన గోడకు అంటించండి. పరీక్షలు మారినా, ఉద్యోగం మారినా మళ్లీ కూర్చుని వంతులు మార్చండి.

పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టే ముందు ఈ ఎనిమిది పనులూ చేయండి. వీటికి ఖర్చు లేదు. చేశాక కూడా వేగం చాలకపోతే అప్పుడు నిశ్చింతగా ప్లాన్ పెంచండి, ఎంత పెంచాలో కూడా మీ దగ్గర లెక్క ఉంటుంది. ఈ ఆదివారం అన్నాలయ్యాక కాగితం, కలం తీసుకుని కూర్చోండి. మొదటి ప్రశ్న మీ ఇంట్లో ఇప్పటిదాకా నెట్ గురించి ఎవరూ అడగని మనిషిని అడగండి.